పుల్లీ మీద పొన్ను ముద్రలు

మా తమ్ముడు శ్రీను ఆ గోనెసంచిని వసారాలో దించి, చేతులు దులుపుకుని, "షెడ్డులో దేవుడి పటాల వెనకాల దొరికిందక్కా. నాన్న దాచిందే అయ్యుంటుంది. ఏదో పాత పంపు. పారేద్దామనుకుని, ఎందుకో మనసొప్పక నీ దగ్గరికి తెచ్చేను" అన్నాడు. నాన్న పోయి ఏడాది దాటింది. కొత్తపేటలో ఆయన షెడ్డు రేకులు వానలకి చివికిపోతే వాడు దింపించి కొత్తవి వేయిస్తున్నాడు. పటాలు తియ్యడానికి గోడనున్న చెక్క కదిపితే ఆ సంచి కనబడిందట. వాడు కాఫీ తాగి వెళ్లిపోయాక, అమలాపురంలో మా ఇంటి వసారాలో, పూజకి కోసిన మందారాల సజ్జ పక్కనే కూర్చుని సంచి మూతి విప్పాను. లోపల ఎర్రటి రవికెల గుడ్డ, గుడ్డలో ఒక పవర్ స్టీరింగ్ పంపు, దాని ముక్కుకి పుల్లీ. పుల్లీ నిండా కుంకుమ. ఒక బొట్టూ రెండు బొట్లూ కాదు, గంధం మీద కుంకుమ, ఆ కుంకుమ ఎండి నల్లబడ్డాక మళ్లీ గంధం, మళ్లీ కుంకుమ, పొరలు పొరలుగా ఉంది. ఏటేటా దసరాకి ఎవరో మరిచిపోకుండా బొట్టు పెట్టుకుంటూ వచ్చినట్టుంది.

తడిగుడ్డతో మెల్లిగా తుడిచాను. కుంకుమ కింద, ఇరుసు కొసకీ పుల్లీకీ కలిపి గీసిన సన్నటి గులాబీరంగు గీత కనబడింది. అది నా గీత. నా గోళ్లరంగుతో నేను గీసింది. నేను బిగించిన ప్రతి పుల్లీకీ, అది తరవాత జారిందో లేదో తెలియడానికి, అలా ఒక గీత పెట్టేదాన్ని. ఆ పంపు నా పదిహేడో ఏట నేను చేత్తో పట్టుకున్న ఆఖరి పంపు. దాని మూలంగానే ఒక మనిషి చెయ్యి విరిగిందని, ఆ పాపం నాదేనని ముప్ఫై ఏళ్లకి పైబడి నమ్మి బతికాను. ఇంకొంచెం తుడిచేసరికి గీత పక్కన, పుల్లీ నడిమి భాగం మీద, నెలవంకల్లాంటి నొక్కులు బయటపడ్డాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దెబ్బ ముద్రలు. నేను జన్మలో ఏ పుల్లీనీ కొట్టలేదు.

నన్ను బళ్లో వెయ్యలేదు. పుట్టుకతో ఉబ్బసం, వానొస్తే చాలు పిల్లికూతలు కూసేది ఛాతీ. అమ్మ నన్నూ తమ్ముణ్ణీ ఇచ్చేసి త్వరగా కన్నుమూసింది. నాన్నమ్మ, మేము మామ్మా అనేవాళ్లం, చేటలో బియ్యం పరిచి వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఆవిడ పొద్దున్నే వంటింట్లో పారాయణ చేస్తుంటే వెనకాలే అనడమే నాకు వాచకం. లెక్కలు నాన్న నేర్పారు. ఆయన షెడ్డు మా ఇంటికి ముందుగది లాంటిది. మధ్యలో ఒక్క తలుపు. ఇటు పక్క పోపు వాసన, కొబ్బరిడొక్కల పొయ్యి పొగ. అటు పక్క కిరసనాయిలు, గ్రీజు, కాలిన రబ్బరు. ఆ తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంటే రెండు వాసనలూ కలిసి వచ్చేవి. ఈ రోజుకీ ఎక్కడైనా కిరసనాయిలూ ఆవాల పోపూ ఒకేసారి ముక్కుకి తగిలితే నాకు బడి గుర్తొస్తుంది. అంగుళంలో ఎనిమిదో వంతు ఎంతో, మర ఎటు తిప్పితే బిగుస్తుందో, నూనె వేలికి రాసుకుని అది పాతదో కొత్తదో ఎలా చెప్పాలో అక్కడే నేర్చుకున్నాను. దేవుడు నాకు ఊపిరి తక్కువిచ్చాడు గాని గురువుల్ని మంచివాళ్లనిచ్చాడని రోజూ దణ్ణం పెట్టుకునేదాన్ని.

నాన్న పొద్దున్నే నూతి దగ్గర స్నానం చేసి, తడి పంచెతోనే షెడ్డులోని పటం ముందు దీపం పెట్టేవారు. విభూతి రేఖలు ఆరేదాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఆ రోజు మొదట ముట్టుకునే పానాని రెండు కళ్లకీ అద్దుకుని అప్పుడు బండి కిందకి దూరేవారు. చేతి పనిముట్టంటే ఆయనకి ప్రాణం. ఇంట్లో నన్నూ తమ్ముణ్ణీ ఏనాడూ దెబ్బ వెయ్యలేదు గాని, పానాతో మేకు కొట్టాడని ఒక పనివాణ్ణి మధ్యాన్నం భోజనానికి ముందే ఇంటికి పంపేశారు. దేనికి చేసిన వస్తువు దానికే వాడాలన్నది ఆయన పాఠాల్లో మొదటిది.

ఆ రోజుల్లో పవర్ స్టీరింగ్ బళ్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. చక్రం వేలితో తిప్పితే తిరిగే బండిని చూడ్డానికి జనం వచ్చేవారు. ఇంజను తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు పుల్లీని తిప్పుతుంది, పుల్లీ పంపుని తిప్పుతుంది, పంపులోని ఎర్రనూనె పారాణి నీళ్లలా పరిగెత్తి చక్రానికి బలమిస్తుంది. ఆ పుల్లీకి నట్టుండదు, చీలా ఉండదు. దాని బెజ్జం ఇరుసు కన్నా వెంట్రుకవాసి సన్నం. ఒత్తి ఎక్కించాలి, ఆ బిగువుతోనే అది జన్మంతా నిలబడాలి. మిగతా షెడ్లవాళ్లు చెక్కముక్క అడ్డంపెట్టి సుత్తితో కొట్టి దించేసేవారు. నాన్న అలా చెయ్యలేదు. పొడుగాటి ఉక్కు బోల్టు ఒకటి సంపాదించి, దానికి పెద్ద నట్టూ దళసరి వాషరూ చిన్న బేరింగూ కూర్చి ఒక సాధనం చేసుకున్నారు. ఇరుసు కొసలో లోపల మరలుంటాయి. బోల్టుని అందులోకి ఎక్కించి, దాన్ని కదలకుండా ఒక పానాతో పట్టుకుని, ఇంకో పానాతో నట్టు తిప్పుతుంటే పుల్లీ తనంతట తనే నిదానంగా లోపలికి జరుగుతుంది. దాన్ని మా ఇంట్లో పెద్దమర అనేవాళ్లం.

"రెండు దెబ్బలేస్తే దిగిపోద్ది కదా నాన్నా, ఇంతసేపెందుకు?" అని మొదటిసారి అడిగాను.

"దిగుద్దమ్మలూ. పైకి చక్కగా దిగినట్టే ఉంటాది. దెబ్బ మాత్రం ఇరుసు పట్టుకుని లోపలికి పోద్ది. లోపల పలకలుంటాయి, నీ గోరంత మందం ఉండవు. ఆ పూట ఏవీ తెలీదు. ఎప్పుడో నెల్లాళ్లకి ఏడుస్తాది పంపు. అప్పుడు కొట్టినోడు గుర్తుండడు" అన్నారు.

ఆ పని నా చేతికి బాగా వచ్చింది. ఓపిక నాకు ఉబ్బసం నేర్పింది. ఊపిరి లెక్కపెట్టుకుంటూ తిప్పేదాన్ని, ఒక ఊపిరికి పావుచుట్టు. పుల్లీ వంకరగా ఎక్కబోతే నట్టు బిగువులో వేళ్లకి ముందే తెలిసిపోయేది. ఇరుసు కొసా పుల్లీ ముఖమూ సమానంగా రాగానే ఆపి, గోళ్లరంగు గీత పెట్టేదాన్ని. ఆ సీసా కొనివ్వడానికి మామ్మని నాన్నే ఒప్పించారు, సోకులకి కాదు పనికని. ఏడాదిలో, పుల్లీ పనంటే మేస్త్రిగారి అమ్మాయి చెయ్యేనని రావులపాలెం వైపు బళ్లవాళ్లు కూడా అనుకునేదాకా వచ్చింది. ఒకసారి ఒక లారీ ఆయన బల్ల దగ్గర నన్ను చూసి, "ఏవండీ మేస్త్రిగారూ, అమ్మాయిగారి చేత బిగిస్తన్నారు, రేపు పుల్లీ అలిగి పుట్టింటికి పోతానంటే నాకేంటండి దారి?" అన్నాడు.

"పోతే పసుపుకుంకాలిచ్చి మళ్లీ మీ ఇంటికే పంపుతాదిలెండి. మా అమ్మాయే వేసింది. ఊడదు" అన్నారు నాన్న.

మా అమ్మాయే వేసింది. ఆ మాట ఆయన అన్నప్పుడల్లా నేను తల వంచుకుని ఇరుసు తుడుస్తూ లోపల్లోపల దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. బడికెళ్లిన పిల్లలకి మార్కులుంటాయి. నాకు ఆ మాటే మార్కులు.

ఆయుధపూజ మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పండగ. ముందురోజు పానాలూ సుత్తులూ పట్టకార్లూ అన్నీ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, కొత్త తుండుగుడ్డ మీద పరిచేవాళ్లం. పొద్దున్నే వాటికి గంధం, కుంకుమ, చామంతులు. ఒకసారి పూజలో పెట్టాక మర్నాడు తెల్లారి కొబ్బరికాయ కొట్టేదాకా దేన్నీ ఎత్తకూడదు. ఇది అందరిళ్లలోనూ ఉన్నదే గాని, నాన్నకి అందులో భయం కూడా ఉంది. వాళ్ల నాన్న ఒక దసరాకి పూజలోంచి బాడిసె ఎత్తాడట, ఆ నెలలోనే రెండు వేళ్లు పోగొట్టుకున్నాడట. చిన్నప్పట్నించీ ఆ వేళ్లు తెగిన చేత్తో అన్నం తినిపించుకున్న మనిషి నాన్న.

ఆ ఏడు పండగ ముందురోజు ఒక వ్యాను వచ్చింది, ఉప్పలగుప్తం చెరువులకి రొయ్యపిల్లల్ని మోసేది. డ్రైవరు సూరిబాబు, పి.గన్నవరం అతను, నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. నన్ను అమ్మాయిగారూ అనేవాడు. కొత్త పంపుకి పుల్లీ నేనే ఎక్కించాను, గీత పెట్టాను. పంపుని బండికి బిగించేసరికి పొద్దు పోయింది. "పంపుని పట్టే కమ్మీ పాతది నాన్నా. బెల్టు వేసి చూశాక ఇంకో పావుచుట్టు దించాలేమో" అని చెప్పాను. చూద్దాంలే అన్నారు.

పొద్దున్న పూజయ్యాక సూరిబాబు వచ్చి బండి స్టార్టు చేశాడు. బెల్టు కీచుమంది. నేను వంగి చూశాను, బియ్యపుగింజంత పక్కకి నడుస్తోంది. "పెద్దమరతో పావుచుట్టు చాలు నాన్నా" అన్నాను.

"పూజలో ఉందమ్మా. రేపు పొద్దున్న."

"రేపటికి పిల్ల బతకదండి మేస్త్రిగారూ! ఆక్సిజను కొట్టి మూటలు కట్టేసేరండి, బండి కోసం చూస్తన్నారు. మీకు దణ్ణం పెడతానండి" అన్నాడు సూరిబాబు.

నాన్న పటం వైపు చూశారు, బండి వైపు చూశారు. తరవాత నాతో, "అమ్మలూ, నువ్వెళ్లి ప్రసాదాలు పంచిరా" అన్నారు.

పులిహోర పళ్లెం పట్టుకుని వెళ్లాను. మూడో ఇంట్లో ఉండగా మా ఇంటి వైపునుంచి ధభీ ధభీమని రోకటి పోటు వినబడింది. ఆ ఇంటావిడ, "మీ మామ్మగారు ఈ వయసులో కూడా చలిమిడికి పిండి దంపుకుంటన్నారు, ఏం ఓపికమ్మా!" అంది. నాకు గర్వంగా అనిపించింది. తిరిగొచ్చేసరికి వ్యాను లేదు. "సరిపోయిందా నాన్నా?" అంటే, "ఆఁ, బెల్టు సర్దేను, సరిపోయింది" అన్నారు. ఆ రోజు మామ్మ చలిమిడి చెయ్యలేదు. అడిగితే, "రోకలి పొన్ను వదులైందే, ఇంక దాంతో దంపకూడదు" అని రోకలిని అటకెక్కించేసింది. పొన్నంటే రోకలి కొసన ఉండే ఇనప కట్టు. మర్నాడే మామ్మ కొత్త రోకలి తెప్పించుకుంది.

నాలుగో రోజున కాలవగట్టు మలుపులో వ్యాను నీళ్లలోకి దిగిపోయింది. బెల్టు జారి చక్రం ఒక్కసారి రాయిలా బిగుసుకుపోయిందట. సూరిబాబు ఎడం మోచెయ్యి విరిగింది. ట్రాక్టరుతో బండిని మా షెడ్డుకే లాక్కొచ్చారు. నలుగురూ పోగయ్యారు. నాన్న ముందుభాగం ఎత్తి చూసి, "పుల్లీ లోపలికి ఎక్కువ దిగిపోయింది. బెల్టు వంకరగా నడిచింది" అన్నారు.

"ఎవరేసేరండీ పుల్లీ?" అని బండి యజమాని అడిగాడు.

నేను మా తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నాన్న చేతులు గుడ్డకి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "మా అమ్మాయే వేసిందండి" అన్నారు. అదే మాట. "చిన్నపిల్ల, తెలీక ఎక్కువ దించేసింది. నేను చూసుకోవద్దూ? తప్పు నాదేనండి."

ఆ తప్పు నాదేనన్న మాటకి జనం కరిగిపోయారు. కూతురి తప్పు నెత్తిన వేసుకున్నాడు, ఎంత పెద్దమనసు అన్నారు. నాకూ అలాగే అనిపించింది. పంపుని ఆయన ఒక్కరే విప్పారు, నాకు చూపించలేదు. మర్నాడు నేను పీట మీద కూర్చోబోతుంటే, "ఇంక ఇటు రాకమ్మా, జనం నోరు మంచిది కాదు" అన్నారు, మెల్లిగానే. మామ్మ నన్ను లోపలికి తీసుకెళ్లి తల దువ్వుతూ, "పోనీవే, దేవుడేం చేసినా మన మేలుకే" అంది. వేసిన జడే విప్పి మళ్లీ అల్లింది. నా బాధ చూడలేకే అనుకున్నాను.

నేను సమానంగా ఆపాననే గుర్తు. ఇరుసు కొసా పుల్లీ ముఖమూ ఒక్క తీరున ఉంటేనే కదా గీత పెట్టేది, పైగా ఇంకా పావుచుట్టు దించాలన్నదీ నేనే. కానీ నాన్న అన్నాక అనుమానమెక్కడిది? ఆయన కళ్లు చూశాయి, నా చెయ్యే పొరబడి ఉంటుంది. అలా మొదట నా జ్ఞాపకాన్ని నమ్మడం మానేశాను, తరవాత నా చేతిని. పెళ్లయి అమలాపురం వచ్చాక కూడా పప్పు డబ్బా మూత బిగించేటప్పుడు ఎక్కువ తిప్పుతున్నానేమోనని ఆగేదాన్ని. చారు మరుగుతుంటే నిలబడి ఆనాటి చుట్లు లెక్కపెట్టుకునేదాన్ని. ప్రతి ఆయుధపూజకీ పస్తుండి, మర్నాడు బూరెలు చేసుకుని బస్సులో పి.గన్నవరం వెళ్లి సూరిబాబు చేతికి ఇచ్చొచ్చేదాన్ని. అతని ఎడం చెయ్యి వంకరగానే అతుక్కుంది. "ఎందుకండమ్మాయిగారూ ఇంత శ్రమ" అనేవాడు, నా మొహంలోకి చూడకుండా. ఎంత మంచివాడు, నన్నొక్క మాట కూడా అనలేదని అతని పేరు కూడా కలిపి దణ్ణం పెట్టుకునేదాన్ని. నాన్న ఆఖరి రెండేళ్లూ నా దగ్గరే ఉన్నారు. జావ తాగిస్తుంటే నా కుడిచెయ్యి పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "ఈ చెయ్యి..." అని ఆగిపోయేవారు. కళ్ల నీళ్లు కారేవి. కూతురు చేస్తున్న సేవకి కరిగిపోతున్నారనుకుని, ఆ కన్నీళ్లు నా కొంగుతోనే తుడిచాను.

మామ్మ పోయినప్పుడు ఆవిడ గుర్తుగా నేను తెచ్చుకున్న వస్తువు ఒక్కటే, అటక మీది ఆ పాత రోకలి. పొన్ను వదులైందంది కదా, ఎప్పుడైనా బిగించుకుందామని. నిజానికి ఎప్పుడూ బిగించలేదు. ఎందుకంటే అది వదులు కాలేదు. అది కూడా అప్పుడు నాకు వింతగా తోచలేదు. ఆవిడ నోటి మాటకి విరుద్ధంగా నా చేతిలో ఉన్న వస్తువుని చూడ్డం నాకు అలవాటు లేదు. పంపు బయటపడిన ఆ పొద్దున్న రోకలి తెచ్చి, పంపుని నిలబెట్టి, పుల్లీ మీద పొన్ను ఆనించాను. నెలవంకలు నాలుగూ పొన్ను అంచుకి అతికినట్టు సరిపోయాయి. ఇరుసు కొస పొన్ను మధ్య గుంటలో కూర్చుంది. చేతిపనిలో నాన్నది ఎంత తెలివో! సుత్తులు పూజలో ఉన్నాయి, పానాలు బండిలోవి వాడుకోవచ్చు, రోకలి ఇంటిది, పూజలో లేదు. దేవుడికి ఏ అపచారమూ జరగకుండా పని అయిపోయింది. చేత్తో పుల్లీని తిప్పి చూశాను. లోపల ఇసక నలిగినట్టు గరగరమంది.

మర్నాడే పి.గన్నవరం వెళ్లాను. పండగ కాదు, చేతిలో బూరెలు లేవు. సూరిబాబు అక్విడక్టు వంతెనకి వెళ్లే దారిలో చిన్న కొబ్బరిబొండాల బండి పెట్టుకున్నాడు. నన్ను చూసి కత్తి పక్కన పెట్టి లేచాడు.

"ఆ రోజు పుల్లీని నాన్న రోకలితో పొడిచేరు కదూ?" అన్నాను.

స్టూలు తుడిచి నా వైపు జరిపాడు. "కూర్చోండమ్మాయిగారూ. ఎప్పుడు తెలిసిందండి?"

"నిన్న."

"పంపు నేనే పట్టుకున్నానండి. బండిలోంచి విప్పి, కింద గోనె వేసి, కదలకుండా రెండు చేతుల్తోనూ పట్టుకున్నాను. మీ నాన్నగారు పొడుస్తుంటే మీ మామ్మగారు గుమ్మంలో నిలబడి, వద్దురా, వద్దురా అంటన్నారు. నా తొందరే కదండి అంతటికీ కారణం."

"మరి నా పేరు చెప్పినప్పుడు?"

"ఆస్పత్రికొచ్చేరండి మీ నాన్నగారు. మంచం పక్కన కూర్చుని నా కాళ్లు పట్టుకోబోయేరు. షెడ్డు పేరు పోతే ఇల్లు గడవదు సూరిబాబూ అన్నారు. ఆడపిల్ల, రేపు పెళ్లయి ఎళ్లిపోద్ది, దాని పేరుతో దానికేం పని అన్నారు." అతను తల దించుకున్నాడు. "నిజమే కదా అనుకున్నానండి అప్పుడు. తర్వాత మీరు బూరెలు తేవడం మొదలెట్టేరు. మొదటి ఏడే చెప్పేద్దావనుకున్నానండి. రెండో ఏడు కూడా అనుకున్నాను. ఇంక ఇన్నేళ్లయ్యాక ఎలా చెప్పనండి?"

"బూరెలు తినేవాడివా?"

"తినేవాణ్ణండి. మరి ప్రసాదం కదండి."

అతని మీద కోపం రాలేదు. చెయ్యి విరిగిన మనిషి. బొండం కొట్టి చేతికిచ్చాడు, తాగాను. బస్సులో తిరిగొస్తూ కాలవగట్టు చూస్తుంటే తెలిసింది, నాకు నొప్పి రోకలి దగ్గర లేదు. తొందరలో, భయంలో, తెగిన వేళ్లు గుర్తొచ్చి చేసిన తప్పది. దాన్ని క్షమించడం నాకు చేతనవును. నా పేరుతో నాకేం పని అన్న మాట దగ్గరే ఉంది. ఆయనే పెట్టిన పేరు, ఆయనే పది మందిలో పెంచిన పేరు, అక్కర్లేనిదని ఆయనే తీసి ఇచ్చేశారు. మామ్మకి తెలుసు, సూరిబాబుకి తెలుసు. ఏటేటా ఆ పంపుకి బొట్టు పెట్టి దేవుడికి కూడా చెప్పుకున్నారు. నా దగ్గర రెండేళ్లు జావ తాగారు, నాకు మాత్రం చెప్పలేదు.

ఇప్పటి కొత్త బళ్లకి ఆ పంపులే లేవు. కరెంటు మోటారు చక్రాన్ని తిప్పుతుంది, బెల్టూ లేదు, ఎర్రనూనే లేదు. తమ్ముడి షెడ్డులో కుర్రాళ్లు చేతులు మురికి కాకుండా కంప్యూటరు తీగ తగిలించి రోగం చెబుతారు. ఆడపిల్లలు ఇంజినీరింగు చదివి బళ్ల కంపెనీల్లో చేస్తున్నారు, చూస్తే కడుపు నిండుతుంది. మా రోజుల్లో ఒక పంపుని నమ్మి ఒక మనిషి కాలవగట్టు మీద పోయేవాడు, ఆ పంపు ఎవరి చేతిదో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవరి చెయ్యో ఎవరికీ తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. అది మంచిదో కాదో నేను చెప్పలేను. ఆనాడు చెయ్యికి పేరుండబట్టే నాకు అంత ఎత్తూ దొరికింది, ఆ పేరుండబట్టే అంత లోతుకీ పడ్డాను.

ఈ దసరాకి మొదటిసారి నేను పస్తుండలేదు. పొద్దున్నే టిఫిను తిని కొత్తపేట వెళ్లాను. కొత్త రేకుల కింద తమ్ముడు పూజ చేశాడు. పానాల మధ్యలో పెద్దమర ఉంది, దాని మరల్లో గంధం, కొసన చామంతి. షెడ్డు మూల ఒక కొబ్బరి వర్తకుడి పాత జీపు వారం రోజులుగా ఆగి ఉంది. ముందురోజే కొత్త పంపు వచ్చిందట, పుల్లీ విడిగా వచ్చింది. బల్ల మీద రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నాకు కావలసిన పుల్లీ.

హారతి కళ్లకద్దుకుని, ఆ తుండుగుడ్డ మీదికి వంగి, పెద్దమరని ఎత్తాను.

"అక్కా! పూజలో ఉంది!" అన్నాడు శ్రీను. వాడి చేతిలో పళ్లెం కదిలిపోయింది. "తొందరేం లేదు, బండాయన రేపు కదా వచ్చేది. రేపు చేద్దాంలే."

"ఈవేళే చేద్దాం. ఆ రెండు పానాలు కూడా అందుకో."

"నాన్న ఉంటే ఏవనేవారక్కా?"

"ఆయన నన్ను ప్రసాదాలు పంచి రమ్మనేవార్రా. పానా ఇలా ఇయ్యి."

వాడికి సంగతంతా అప్పటికే చెప్పాను. పానాలు కళ్లకద్దుకుని ఇచ్చాడు. ఇరుసుకి చుక్క నూనె రాసి, పుల్లీ ఆనించి, బోల్టుని వేళ్లతో మరలోకి ఎక్కించాను. నా ఊపిరి ఛాతీలో సన్నగా కూస్తోంది. ఒక ఊపిరికి పావుచుట్టు. మొదటి చుట్లలో చెయ్యి అనుమానపడింది, ఎక్కువ తిప్పుతున్నావేమో అంది. తరవాత నట్టు బిగువు వేళ్లకి అందింది. పాత బిగువే. పుల్లీ వంకర పోకుండా, తొందర పడకుండా, తనంతట తను లోపలికి జరుగుతూ వచ్చింది. ఇరుసు కొసా పుల్లీ ముఖమూ సమానం కాగానే ఆపాను. వేలి కొనతో తడిమాను. ఎక్కడా మెట్టు లేదు. శ్రీను కూతురు గోళ్లరంగు సీసా తెచ్చిచ్చింది, ఏదో మెరిసే రంగు. గీత పెట్టాను.

పెద్దమరని నూనె మరకతోనే మళ్లీ చామంతుల మధ్య పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. రోజూ చెప్పుకునే పేర్లు వరసగా చెప్పుకున్నాను, అమ్మ, మామ్మ. మామ్మ పేరు దగ్గర కాస్త తడబడ్డాను గాని దాటాను. నాన్న పేరు దగ్గర ఆగాను. దాటలేదు, దాటవెయ్యనూ లేదు.

మర్నాడు జీపు ఆయన వచ్చినప్పుడు నేనింకా అక్కడే ఉన్నాను, ఇంటికీ షెడ్డుకీ మధ్య తలుపు దగ్గర పీట వేసుకుని. ఆయన బండి స్టార్టు చేసి, చక్రాన్ని ఒక వేలితో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. బెల్టు చప్పుడు లేదు. "బాగుందండోయ్, ఎవరేసేరండీ పుల్లీ?" అని అడిగాడు.

శ్రీను నా వైపు చూశాడు.

"మా అక్కే వేసిందండి" అన్నాడు.